ఎస్‌పీఎఫ్, డీకిమ్ రెండూ పాసైనా డీమార్క్ ఎందుకు ఫెయిలవుతోంది?

ప్రశ్న – బరంపురం, గంజాం జిల్లా

అందరికీ నమస్కారం. బరంపురంలో మాకు పట్టుచీరల దుకాణం ఉంది. మా దగ్గర కొనేవారిలో చాలామంది విశాఖపట్నం, హైదరాబాదుల్లో స్థిరపడ్డ మన ఊరివారే కాబట్టి, పెళ్లిళ్ల సీజనుకు ముందు కొత్త సరుకు వివరాలను సుమారు ఆరు వేల మందికి ఒకేసారి మెయిల్ చేస్తాము. పంపడానికి ఒక మెయిలింగ్ సర్వీసును వాడుతున్నాము గానీ, ఫ్రమ్ చిరునామా మా సొంత డొమైన్‌దే. ఈసారి జీమెయిల్ ఖాతాలకు వెళ్లినవాటిలో కొన్ని స్పామ్‌లో పడ్డాయి, కొన్ని తిరిగొచ్చాయి. నాకు వచ్చిన కాపీలో ‘షో ఒరిజినల్’ తెరిస్తే మెయిల్ అసలైనదేనా అని చూసే మూడు పరీక్షల్లో ఎస్‌పీఎఫ్ (పంపిన సర్వరుకు డొమైన్ అనుమతి ఉందా) పాస్, డీకిమ్ (మెయిల్‌పై డొమైన్ డిజిటల్ సంతకం) పాస్, డీమార్క్ (ఆ రెండూ ఫ్రమ్ డొమైన్‌తో సరిపోలాయా) ఫెయిల్ అని ఉంది. డీమార్క్ రికార్డులో పీ విలువ నన్ అని, అంటే ఫెయిలైనా ఏ చర్యా వద్దని పెట్టాము. సర్వీసువారి సూచన మేరకు పాత ఎస్‌పీఎఫ్ రికార్డు అలాగే ఉంచి, దాని కింద మరొకటి చేర్చాము. లోపం ఎక్కడ ఉందంటారు?

జవాబు – రాయగడ

పాస్ అన్న మాటను కాదు, దాని పక్కనున్న డొమైన్ పేరును చూడండి. అక్కడ మీ దుకాణం డొమైన్‌కు బదులు సర్వీసువారిది ఉంటుందని నా అనుమానం. తిరిగొచ్చే మెయిళ్లు చేరే రిటర్న్ పాత్ వారిది కాబట్టి ఎస్‌పీఎఫ్ వారి డొమైన్‌కు పాసవుతుంది. సంతకం వారి తాళంచెవితో పడింది కాబట్టి డీకిమ్ కూడా వారి పేరిటే పాసవుతుంది. డీమార్క్ అడిగేది వేరు: ఫ్రమ్‌లో గ్రాహకుడికి కనబడే డొమైన్, ఈ రెండింటిలో కనీసం ఒకదానితో సరిపోలాలి. వేరొకరి గుర్తింపు కార్డు అసలైనదే అయినా దానితో మీరు ఓటు వేయలేరు కదా. సర్వీసు సెట్టింగుల్లో డొమైన్ అథెంటికేషన్ అన్న చోట మీ డొమైన్ నమోదు చేసి, వారిచ్చే డీకిమ్ రికార్డులను మీ డీఎన్‌ఎస్‌లో (డొమైన్ రికార్డులన్నీ ఉండే చోట) పెడితే ఇక మీ పేరిటే సంతకం పడుతుంది.

పెద్దమొత్తంలో పంపేవారికి ఈ పరీక్షలన్నీ పాస్ కావాలన్న నిబంధనలను జీమెయిల్, యాహూ 2024 ఫిబ్రవరి నుంచి అమలు చేస్తున్నాయి. వ్యక్తిగత జీమెయిల్ ఖాతాలకు 24 గంటల్లో సుమారు 5,000 మెయిళ్లు ఒక్కసారి పంపినా ఆ డొమైన్‌ను బల్క్ సెండర్‌గానే (పెద్దమొత్తంలో పంపేవారిగా) లెక్కిస్తారు, తర్వాత తగ్గించినా ఆ ముద్ర పోదు. కాబట్టి జాబితాను ముక్కలు చేసి పంపమనే సలహాలను నమ్మకండి.

జవాబు – పర్లాకిమిడి

పై జవాబుతో ఏకీభవిస్తూనే, ప్రశ్నలో చివర వచ్చిన ఆ రెండో ఎస్‌పీఎఫ్ రికార్డు గురించి చెప్పాలి. ఒక డొమైన్‌కు ఎస్‌పీఎఫ్ రికార్డు ఒక్కటే ఉండాలి. రెండుంటే ఫలితం పర్మ్ఎర్రర్ (శాశ్వత లోపం), అంటే మీ దుకాణం నుంచి రోజూ వెళ్లే మామూలు బిల్లులు, ఉత్తరాలకు కూడా ఎస్‌పీఎఫ్ పనిచేయదు. రెండింటిలోని ఇన్‌క్లూడ్‌లను (మీ తరఫున పంపే సర్వీసుల పేర్లను) ఒకే వరుసలో కలిపి రెండోదాన్ని తీసేయండి. ఒక ఎస్‌పీఎఫ్ తనిఖీలో డీఎన్‌ఎస్ విచారణలు పదికి మించకూడదన్న పరిమితి కూడా ఉంది కాబట్టి, వాడటం మానేసిన పాత సర్వీసుల పేర్లను తొలగించండి.

ప్రశ్న అడిగినవారు – బరంపురం

మీరు ఊహించినట్టే రెండు చోట్లా సర్వీసువారి పేరే ఉంది. డీకిమ్ కోసం వారిచ్చిన రెండు సీనేమ్ రికార్డులు (ఒక పేరును మరో పేరుకు మళ్లించేవి) పెట్టాను, ఎస్‌పీఎఫ్‌ను ఒకటి చేశాను. అయినా సర్వీసు పేజీలో ‘నిర్ధారణ కాలేదు’ అనే వస్తోంది.

జవాబు – జయపురం, కోరాపుట్ జిల్లా

పేరు గడిలో పూర్తి పేరు అతికించి ఉంటారు. చాలా డీఎన్‌ఎస్ ప్యానెళ్లు డొమైన్ పేరును తామే చివర చేర్చుకుంటాయి కాబట్టి అది రెండుసార్లు పడుతుంది. ‘డొమైన్‌కీ’ అన్న మాట వరకే ఉంచి మిగతాది తీసేసి చూడండి.

డీమార్క్‌ను ఇప్పుడే రిజెక్ట్‌కు (ఫెయిలైనవాటిని తిప్పికొట్టమనడానికి) మార్చవద్దు. జీమెయిల్‌కు నన్ సరిపోతుంది. రికార్డులో నివేదికలు అందుకునే చిరునామా పెట్టి, మీ పేరిట ఇంకెవరెవరు పంపుతున్నారో తెలిశాక బిగించవచ్చు. ఒక్క నొక్కుతో చందా రద్దయ్యే సదుపాయాన్ని కూడా సర్వీసులో ఆన్ చేయండి, రద్దు కోరినవారిని రెండు రోజుల్లోపు తొలగించాలి. ఇవన్నీ సరిగా ఉన్నా, స్పామ్ ఫిర్యాదుల శాతం 0.3కు చేరితే జీమెయిల్ సహించదు, 0.1 లోపు ఉంచమనే వారి సూచన. ఎప్పుడో ఒక చీర కొని తర్వాత ఒక్క మెయిల్ కూడా తెరవనివారిని జాబితాలో ఎందుకు మోయాలో నాకైతే అర్థం కాదు.

ప్రశ్న అడిగినవారు – బరంపురం

పేరు రెండుసార్లు పడిందన్నది నిజమే. సరిచేసిన కాసేపటికే నిర్ధారణ అయింది, పరీక్ష మెయిల్‌లో డీకిమ్ పక్కన ఇప్పుడు మా డొమైన్ ఉంది, డీమార్క్ పాస్. హాట్‌మెయిల్ వాడే కొందరు ఖాతాదారులున్నారు, వారికి వేరుగా ఏమైనా చేయాలా?

జవాబు – రాయగడ

వేరుగా ఏమీ అక్కరలేదు. మైక్రోసాఫ్ట్ కూడా 2025 మే 5 నుంచి అవుట్‌లుక్, హాట్‌మెయిల్ ఖాతాలకు రోజుకు 5,000 మించి పంపే డొమైన్లను ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ ఈ మూడింటినే అడుగుతోంది.