ఒకే పిడుదు ఎలుకనూ జింకనూ ఎలా మోసం చేస్తోంది?

పిడుదుల (జంతువుల ఒంటికి పట్టి రక్తం తాగే టిక్స్) గురించి తెలిసినవాళ్లు ఎవరైనా ఉంటే ఈ డౌట్ కాస్త తీర్చండి. పశువుల గోమారి అనే రకం పిడుదు పిల్లగా ఎక్కి పెద్దయ్యేదాకా ఒకే జంతువు మీద గడిపేస్తుంది, అది అర్థమైంది. కానీ ఇక్సోడిస్ రకం ఆరు కాళ్ల పిల్లగా ఉన్నప్పుడు ఎలుకనో పిట్టనో పట్టుకుని, కడుపు నిండాక రాలిపడి, కుబుసం విడిచి ఎనిమిది కాళ్లతో ఇంకో జంతువునెక్కి, చివరికి జింక దాకా వెళ్తుంది కదా. ప్రతిసారీ రోజుల తరబడి అతుక్కునే ఉంటుంది, పైగా రక్తం గడ్డకట్టనివ్వదు, దురద కూడా తెలియనివ్వదు (దొంగ బుద్ధి!).

మరి జంతువును బట్టి దాని లాలాజలంలో ప్రోటీన్లు మారతాయా, లేక అన్నిటికీ పనికొచ్చేలా కలగాపులగంగా వదిలేస్తుందా? మారేట్టయితే, తాగుతున్నది ఎవరి రక్తమో దానికెలా తెలుస్తుంది? గినీ పందుల్ని పదేపదే కుడితే వాటి ఒంట్లో నిరోధకశక్తి వచ్చి పిడుదులు సరిగా తాగలేవు, ఎలుకల్లో మాత్రం అలా జరగదు. ఎందుకు?