లారిన్ హిల్ 'మిస్‌ఎడ్యుకేషన్': కొనొచ్చా?

నల్లరికార్డు: కొత్తగా టర్న్‌టేబుల్ కొన్నాను. అమెరికన్ గాయని, ర్యాపర్ లారిన్ హిల్ చేసిన ఈ ఆల్బమ్ ఎల్పీ రికార్డు తీసుకుందామని ఉంది. పాత సోల్ పాటలంటే ప్రాణం, ర్యాప్ పెద్దగా పడదు. నచ్చుతుందా? ఏ ప్రింట్ మంచిది?

వెన్నెల_ఏలూరు: 'టు జయాన్' ఒక్కటి చాలండీ! కడుపుతో ఉంటే బిడ్డ వద్దు, కెరీర్ చూసుకో అన్నారట. ఆ బిడ్డ పేరుతోనే పాట కట్టింది. సంటానా గిటార్ సరేసరి. మా పాప కడుపులో ఉండగా ఆఫీసులో నేనూ అవే మాటలు పడ్డాను. ఆ పాటే నన్ను నిలబెట్టింది. ర్యాపా సోలా అని అడగాలనిపించదు నాకు.

మైనర్_కీ: మిక్సింగ్ నా వృత్తి, వినండి. 'ఎక్స్-ఫ్యాక్టర్'లో వాడింది వూ-టాంగ్ క్లాన్ అనే హిప్-హాప్ గ్రూపు పాట ముక్క. వాళ్లు దాన్ని సోల్ గాయని గ్లాడిస్ నైట్ పాట నుంచి తీశారు. అంటే సోల్ వెళ్లి హిప్-హాప్‌లో కలిసి, మళ్లీ సోల్‌గా బయటికొచ్చింది. రాసింది, పాడింది, ప్రొడ్యూస్ చేసింది అంతా ఆమే.

కరీంనగర్_బీట్స్: అంతా ఆమేనా? న్యూ ఆర్క్ కేసు మర్చిపోయినవా అన్నా? పాటలల్ల మా చెయ్యి ఉన్నది, పేర్లు సరిగ్గ వెయ్యలేదని న్యూ ఆర్క్ గ్రూపుల నలుగురు మ్యూజిషియన్లు 1998లనే కోర్టుకు పోయిండ్రు. 2001ల కోర్టు బయట సెటిలైంది.

మైనర్_కీ: సెటిలైతే తప్పు ఒప్పుకున్నట్టా? ఆడమనిషి ప్రొడ్యూసర్ అనగానే వెనక మగాడెవడో ఉన్నాడని వెతకడం మీకు అలవాటు.

కరీంనగర్_బీట్స్: ఆడ మగ ముచ్చట నేను తియ్యలే! ఒక సినిమాకు నేను ట్యూన్ కడితె ఇంకొకరి పేరు పడ్డది. ఆ మంట నీకేం తెలుసు?

పాతగ్రామఫోన్: ఆపండయ్యా ఇద్దరూ. పది గ్రామీ నామినేషన్లు, ఐదు అవార్డులు. ఆల్బమ్ ఆఫ్ ది ఇయర్ కొట్టిన మొట్టమొదటి హిప్-హాప్ ఆల్బమ్. 'ఎవ్రీథింగ్ ఈజ్ ఎవ్రీథింగ్'లో పియానో జాన్ లెజెండ్‌ది, అప్పటికింకా కాలేజీ కుర్రాడు.

డల్లాస్_రవి: అంత గొప్పగా మొదలుపెట్టి, తర్వాత సోలో స్టూడియో ఆల్బమే లేదు. 2002లో అన్‌ప్లగ్డ్ వచ్చింది గానీ అది లైవ్. నా మనసుకు ఇప్పటికీ లోటే.

వెన్నెల_ఏలూరు: అన్‌ప్లగ్డ్‌ని తీసిపారేయకండి! గిటార్ పట్టుకుని, గొంతు జీరపోతున్నా పాడుతూనే ఉంది. ఆ నిజాయితీ ఎంతమందికి ఉంది?

నల్లరికార్డు: ప్రింట్ సంగతి ఎవరూ చెప్పలేదు...

పాతగ్రామఫోన్: డబుల్ ఎల్పీ తీసుకో తమ్ముడూ. పాటల మధ్య క్లాసురూమ్ మాటలుంటాయి, అవి దాటేయొద్దు. ఆ టీచర్ గొంతు రాస్ బరాకాది. తర్వాత నెవార్క్ మేయర్ అయ్యాడు.

కరీంనగర్_బీట్స్: టీచర్ సంగతి సరే. ట్యూన్ కట్టినోని పేరు కవర్ మీద ఉండాల్నా వద్దా? మైనర్_కీ అన్నా, జవాబు చెప్పు.