ఘాట్ రోడ్డెక్కితే వ్యాన్‌లో కరెంటు వచ్చిపోతోంది, ఎక్కడ వెతకాలి?

అందరికీ నమస్కారం. పాత డీజిల్ వ్యాన్‌ను ఇల్లులా మార్చుకుని నేనూ మా ఆవిడా తిరుగుతుంటాం. వెనక భాగానికి విడిగా 12 వోల్టుల లిథియం బ్యాటరీ ఉంది. లైట్లు, నీళ్ల పంపు, చిన్న ఫ్రిజ్ దాని మీదే నడుస్తాయి.

చదును రోడ్డు మీద ఏ ఇబ్బందీ లేదు. అరకు ఘాట్ ఎక్కుతుంటే మాత్రం లైట్లు మినుకుమినుకుమంటాయి, ఫ్రిజ్ ఆగిపోతుంది. బండి ఆపగానే అన్నీ మామూలే! మెకానిక్ బ్యాటరీ మార్చమంటున్నారు. నాకు నమ్మకం కుదరడం లేదు. నేను నడుపుతుండగా మా ఆవిడ మల్టీమీటర్‌తో చూసింది. లైట్లు మినుకుమంటున్న సమయంలో బ్యాటరీ దగ్గర 13.2 వోల్టులు ఉంటే, ఫ్రిజ్ దగ్గర 10.4 మాత్రమే. అంటే దారిలోనే 2.8 వోల్టులు పోతున్నాయి. లైట్లకూ ఫ్రిజ్‌కూ ఉమ్మడిగా ఉన్నవి రెండే: మెయిన్ ఫ్యూజు హోల్డరు, ఛాసిస్‌కు, అంటే బండి ఇనుప చట్రానికి, బోల్టుతో బిగించిన నెగటివ్ వైరు. ఫ్యూజు బాగానే ఉంది, హోల్డరు ప్లాస్టిక్ మాత్రం కాస్త రంగు మారింది. అదే నన్ను భయపెడుతోంది. వదులైన జాయింటు వేడెక్కితే నిప్పంటుకోవచ్చు, మేము పడుకునేది దాని పక్కనే.

బ్యాటరీ నెగటివ్‌కూ ఫ్రిజ్ నెగటివ్‌కూ మధ్య మీటరు పెట్టి ఘాట్ ఎక్కితే లోపం ఏ వైపుందో తేలుతుందా? ఛాసిస్‌ను నమ్మకుండా నెగటివ్‌కు కూడా నేరుగా వైరు లాగడం మంచిదా? ఫ్రిజ్ అయిదు మీటర్ల దూరంలో ఉంది, ఎంత మందం వైరు వాడాలి? అంతవరకు రాత్రిపూట మెయిన్ ఫ్యూజు తీసేస్తే సరిపోతుందా?