ముసురు పట్టినా మెడల్ ఆడాల్సిందేనా?

రాళ్లగుట్ట:
మొన్న ఆదివారం మా గోల్ఫ్ క్లబ్బులో నెలవారీ మెడల్, అంటే కొట్టిన దెబ్బలు లెక్కపెట్టే పోటీ. తెల్లవారకముందే ముసురు పట్టింది, మధ్యాహ్నం దాకా వదల్లేదు. కమిటీ మాత్రం పోటీ వాయిదా వేయలేదు. నాతో ఆడిన ఒక పెద్దాయన ఏడో గ్రీన్ (హోల్ చుట్టూ ఉండే నున్నటి గడ్డి) మీద పుట్ (హోల్లోకి దొర్లించే దెబ్బ) కొడుతుంటే, ఆయన కళ్లద్దాల మీద చుక్క పడకుండా బ్యాగు మోసే క్యాడీ గొడుగు వంచి పట్టుకుని పక్కనే నిలబడ్డాడు. ఆయన స్కోరు కార్డు రాసేది నేనే. రెండు స్ట్రోకుల (దెబ్బల) పెనాల్టీ పడుతుందని చెప్పాను. ఆయన ఒప్పుకోలేదు. కమిటీ దాకా వెళ్తే "ఇంత వానలో అవన్నీ పట్టించుకుంటామా" అని కొట్టిపారేశారు.

నియమాలు పాటించడం కుదరనంత వాన అయినప్పుడు ఆ రోజు మెడల్ ఎందుకు పెట్టాలి? జూలై, ఆగస్టుల్లో పోటీలు ఆపేసి సరదా ఆటలు పెట్టుకుంటే ఏం పోతుంది?

రూల్_బుక్:
పెనాల్టీ పడుతుంది. నియమం 10.2బి. స్ట్రోకు కొట్టే క్షణంలో వాన తగలకుండా క్యాడీ గానీ ఇంకెవరైనా గానీ కావాలని అడ్డుగా నిలబడకూడదు. కొట్టేముందు దాకా గొడుగు పట్టొచ్చు, కొట్టేటప్పుడు తప్పుకోవాలి. ఆటగాడు తన గొడుగు తానే ఒక చేత్తో పట్టుకుని రెండో చేత్తో పుట్ కొడితే తప్పు లేదు. ఈ పెనాల్టీని మాఫీ చేసే అధికారం కమిటీకి లేదు.

వైజాగ్_గాలి:
మా దగ్గర గొడుగు పట్టుకుంటే గొడుగే ఎగిరిపోతుంది. తడవాల్సిందే.

మేజర్_బొల్లారం:
వానాకాలంలో పోటీలు ఆపేయమంటే ఎండాకాలంలో వడదెబ్బ అని ఆపేయమంటారు. ఇక మిగిలేది చలికాలమే. గోల్ఫ్ పుట్టిందే గాలీ వానా విడవని స్కాట్లాండ్ తీరంలో. మన హైదరాబాద్ ముసురు దాని ముందు ఎంత?

ఇబ్బంది వానతో కాదు, సిద్ధపడకుండా రావడంతో. మామూలు తోలు గ్లవ్ తడిస్తే జారుతుంది. వాన గ్లవ్‌లు వేరే దొరుకుతాయి, అవి తడిస్తేనే పట్టు బాగుంటుంది, రెండు చేతులకూ వేసుకోవాలి. ఒక తువ్వాలు గొడుగు లోపల ఊచలకు కట్టుకుంటే చివరిదాకా పొడిగా ఉంటుంది. దానితో గ్రిప్ (కర్ర పట్టుకునే చోటు) తుడవండి, బంతి తుడిచే తువ్వాలు వేరే ఉంచండి. బ్యాగు మూత ప్రతి షాట్ తర్వాత వేయాలి. చాలామంది ఇక్కడే బద్ధకిస్తారు, మూడో హోల్‌కే గ్రిప్పులన్నీ నానిపోతాయి.

ఆట కూడా మార్చుకోవాలి. తడి నేల మీద బంతి పడ్డచోటే ఆగుతుంది, దొర్లదు. కాబట్టి మామూలుగా వాడేదానికన్నా ఎక్కువ దూరం కొట్టే క్లబ్ (కర్ర) తీసుకుని నెమ్మదిగా కొట్టాలి. బంకర్లో (ఇసుక గుంటలో) ఇసుక గట్టిపడుతుంది, మందపాటి అడుగున్న వెడ్జ్ క్లబ్ అక్కడ ఎగిరిపడుతుంది. తడిసిన గ్రీన్ నెమ్మదిగా ఉంటుంది, పుట్ ధైర్యంగా కొట్టాలి.

2010లో అమెరికా, యూరప్ జట్లు ఆడిన రైడర్ కప్‌లో, వేల్స్‌లోని సెల్టిక్ మానర్‌లో, అమెరికా జట్టు వాన కోట్లలోకి నీళ్లు కారాయి. అప్పటికప్పుడు అక్కడి దుకాణంలో కొత్తవి కొనుక్కున్నారు. ఆదివారం ముగియాల్సిన ఆట సోమవారం దాకా సాగింది. అంతటి పోటీలోనే వానని భరించారు.

రాళ్లగుట్ట:
మేజర్ గారూ, మీరు చెప్పిన సామానంతా నా బ్యాగులో ఉంది. నేను అడిగింది పోటీ న్యాయంగా జరిగిందా అని. పన్నెండో ఫెయిర్‌వే (పొట్టిగా కోసిన గడ్డి దారి) మధ్యలో నా బంతికి ఎర్రమట్టి ముద్దగా అంటుకుంది, కుడివైపు. కుడివైపు మట్టి ఉంటే బంతి ఎడమకి పోతుందని అందరికీ తెలుసు. పోయింది, చెట్లలోకి. నా వెనక గుంపులో వాళ్లు హాయిగా బంతి ఎత్తి తుడుచుకుని ఆడారు. ఎవరేం చేసినా అడిగే నాథుడు లేడు.

రూల్_బుక్:
ఫెయిర్‌వేలో బంతి ఎత్తి తుడవాలంటే కమిటీ ముందే లోకల్ రూల్ ప్రకటించాలి. ప్రకటించకపోతే వెనక గుంపువాళ్లు చేసింది తప్పే. ఒక్క మినహాయింపు ఉంది. బంతి తాను పడ్డ గుంటలోనే నేలలో కూరుకుపోతే నియమం 16.3 కింద ఎత్తి, తుడిచి, దాని వెనక నుంచి ఒక క్లబ్ పొడవులో డ్రాప్ చేయొచ్చు, అంటే చేత్తో కిందికి వదలొచ్చు. నిలిచిన నీళ్లకి కూడా ఉచితంగా రిలీఫ్ ఉంది, అంటే పెనాల్టీ లేకుండా బంతి పక్కకి జరుపుకోవచ్చు, కానీ నీళ్లు కంటికి కనబడాలి. కాలితో బలంగా నొక్కి నీళ్లు పైకి తేవడం లెక్కలోకి రాదు.

పెద్దాయన కార్డు మాత్రం ఇంకా తప్పుడు కార్డే. ఆ రెండు స్ట్రోకులు కలపాలి.

టీ_బాక్స్:
స్కోరు పాడవుతుందని భయమైతే, ఎనిమిది కార్డులు వస్తే హ్యాండిక్యాప్ (ఆటగాడి స్థాయి చెప్పే అంకె) లెక్కలో ఆ రోజు పరిస్థితికి సర్దుబాటు ఉంటుంది కదా. మైనస్ 1 నుంచి ప్లస్ 3 దాకా.

డాక్టరమ్మ:
ముసురుకీ ఉరుముల వానకీ తేడా చూడకుండా అందరూ "వాన" అంటున్నారు. నాకు భయం పిడుగులంటే. ఏప్రిల్, మే నెలల్లో, తర్వాత సెప్టెంబర్, అక్టోబర్‌లలో మనకి సాయంత్రం పూట మబ్బు కమ్మి ఉరుముతుంది. ఆ సమయంలో మైదానం నడిమధ్యలో చేతిలో లోహపు కర్రతో నిలబడటం ప్రాణాలతో చెలగాటం. 1975లో షికాగో దగ్గర వెస్టర్న్ ఓపెన్‌లో లీ ట్రెవినో, జెర్రీ హర్డ్, బాబీ నికోల్స్‌లకు పిడుగు దెబ్బ తగిలింది. 1991లో యూఎస్ ఓపెన్‌లో ఒక ప్రేక్షకుడు, అదే ఏడాది పీజీఏ చాంపియన్‌షిప్‌లో ఇంకొకరు పిడుగుపాటుకి చనిపోయారు.

సైరన్ ఒకటే దీర్ఘంగా మోగితే ఉన్నపళంగా ఆపాలి, చేతిలో ఉన్న పుట్ కూడా కొట్టకూడదు. మూడు కూతలైతే ఆ హోల్ పూర్తి చేయొచ్చు. పిడుగు ప్రమాదం ఉందని ఆటగాడికి నమ్మకం కలిగితే కమిటీ చెప్పకపోయినా ఆపే హక్కు ఉంది. ఉత్తి వానకి ఆ హక్కు లేదు. పుణేలోని వాతావరణ పరిశోధన సంస్థ ఐఐటీఎం చేసిన దామిని యాప్ ఫోన్లో పెట్టుకోండి, దగ్గర్లో పిడుగులు పడుతుంటే హెచ్చరిస్తుంది. చెట్టు కిందకి మాత్రం పరుగెత్తకండి.

మేజర్_బొల్లారం:
డాక్టర్ గారితో ఏకీభవిస్తాను. పిడుగంటే ఆపాల్సిందే. కానీ మొన్న ఆదివారం ఒక్క ఉరుము లేదు. నాలుగు చినుకులకి టెన్షన్ పడి, ఓ పెద్దమనిషి మీద పెనాల్టీ వేసి, దాన్ని ఇక్కడికి లాక్కొచ్చారు. ఇప్పటివాళ్లకి ఓర్పు లేదు. సాఫ్ట్‌వేర్ ఏసీ గదుల్లోంచి నేరుగా టీ (హోల్‌కి మొదటి దెబ్బ కొట్టే చోటు) మీదికి వస్తే ఇంతే.

రాళ్లగుట్ట:
నా ఉద్యోగం సంగతి ఎందుకు సార్? పద్ధెనిమిది హోల్సూ తడుస్తూనే ఆడాను. ఓర్పు గురించి మాట్లాడాలంటే ఆ గొడుగు పట్టిన పిల్లాడి గురించి మాట్లాడండి. గొడుగు పూర్తిగా పెద్దాయన మీదే ఉంది. వాడి చొక్కా ఒంటికి అతుక్కుపోయింది, కాళ్లకి రబ్బరు చెప్పులు, ఎర్రమట్టిలో బ్యాగుతో రెండుసార్లు జారాడు. మీరు వర్ణించిన గ్లవ్‌లూ కోట్లూ వాడికెవరిచ్చారు? ఓర్పంతా వాడిది, మనం దాన్ని ఆట గొప్పతనం అంటున్నాం.

మేజర్_బొల్లారం:
మీరు చెప్పినట్టు రెండు నెలలు పోటీలు ఆపితే ఆ పిల్లాడు ఏం తింటాడు? వాన వల్ల రౌండు రద్దయితే మీరు ఇంటికెళ్లి కాఫీ తాగుతారు. వాడు వట్టి చేతులతో పోతాడు. నేను ఆడేది అందుకు కూడా.

క్లబ్_సభ్యుడు_2:
ఇద్దరూ క్యాడీల పేరు చెప్పి వాదిస్తున్నారు. వాళ్లనెవరైనా అడిగారా?

బ్యాగ్_మోసినవాడు:
నన్నడగండి. కాలేజీ ఫీజుకోసం చాలా ఏళ్లు బ్యాగులు మోశాను, మా మామయ్య ఇప్పటికీ మోస్తున్నారు. ఏ క్లబ్బో చెప్పను.

మేజర్ గారు చెప్పింది నిజం. మబ్బు చూస్తే క్యాడీ షెడ్డులో అందరి మొహాలూ మాడిపోతాయి. తెల్లారి ఐదింటికల్లా వచ్చి వరుసలో పేరు రాయించుకుంటాం. రౌండు రద్దయితే ఆ రోజు పైసా లేదు, బస్సు ఖర్చు మన మీదే. తొమ్మిది హోల్స్ తర్వాత ఆపితే సగం ఫీజు. ఒకసారి పదిహేడో టీ దగ్గర సైరన్ మోగింది, పద్ధెనిమిది పూర్తి కాలేదని నాకు సగమే ఇచ్చారు. ఆ రోజు నేను పట్టుకున్నది ఎంత తడిసిన బ్యాగో చెప్పలేను, తువ్వాళ్లూ గ్రిప్పులూ నీళ్లు తాగి ఎండరోజు కన్నా బాగా బరువెక్కుతుంది.

రాళ్లగుట్ట గారు చెప్పిందీ నిజం. మాకు వాన కోటు లేదు. బ్యాగుకి కవర్ ఉంటుంది. గొడుగు వదిలేసి పక్కకి తప్పుకోమని ఆటగాడే చెప్పాలి, క్యాడీ తనంతట తప్పుకుంటే మర్నాడు ఆయన వేరేవాణ్ణి పిలుచుకుంటాడు. పెనాల్టీ పెద్దాయన కార్డు మీద పడుతుంది, తిట్లు పిల్లాడికి పడతాయి. వానలో ఆడాలా వద్దా అన్నది మాకు రెండో ప్రశ్న. మొదటిది, బ్యాగు భుజానికెత్తాక ఆట ఎక్కడ ఆగినా పూర్తి ఫీజు ఇస్తారా లేదా.

డాక్టరమ్మ:
ఇది చాలా ముఖ్యం. సగం ఫీజు పద్ధతి ఉన్నంతకాలం ఉరుము వినబడినా ఆగమని క్యాడీ నోరు విప్పడు. అందరికన్నా ముందు ఆకాశం చూసేది అతనే.

మేజర్_బొల్లారం:
నేను ఎప్పుడూ పూర్తిగా ఇచ్చాను, పైన టిప్పు కూడా ఇచ్చాను. ఇది ఎవరి మనసుకి తగ్గట్టు వాళ్లు చేయాల్సిన పని. దీనికి కమిటీ తీర్మానాలెందుకు?

బ్యాగ్_మోసినవాడు:
మీలాంటివాళ్ల బ్యాగు దొరికిన రోజు మాకు పండగే సార్. కానీ వరుసలో ఎవరి బ్యాగు వస్తుందో మా చేతిలో లేదు. టిప్పు అడగట్లేదు. మోసిన బ్యాగుకి ఫీజు అడుగుతున్నాను.

రాళ్లగుట్ట:
మెడల్ ఎంట్రీ ఫీజులోంచి కొంత తీసి వానాకాలానికి ముందే కోట్లు కొనొచ్చు. మృగశిర కార్తెకల్లా షెడ్డులో ఉండాలి. సైరన్ మోగితే పూర్తి ఫీజు అని నోటీసు బోర్డు మీద పెట్టాలి. వచ్చే నెల సర్వసభ్య సమావేశంలో రాసి ఇస్తున్నాను. మేజర్ గారూ, సంతకం పెడతారా?

మేజర్_బొల్లారం:
కోట్లకి పెడతాను. పోటీలు ఆపాలన్న వాక్యం ఆ కాగితంలో ఉంటే పెట్టను.

రాళ్లగుట్ట:
రెండూ ఒకే కాగితంలో ఉంటాయి. ఆ రోజు జరిగినదాన్ని నేను విడదీసి చూడలేను.

రూల్_బుక్:
మూడోది కూడా చేర్చండి. స్ట్రోకు కొట్టేటప్పుడు క్యాడీని గొడుగుతో నిలబెట్టుకుంటే పెనాల్టీ తప్పదని ఆటగాళ్లందరికీ మొదటి టీ మీదే చెప్పాలి. అప్పుడు తిట్లు పిల్లాడికి పడవు.

బ్యాగ్_మోసినవాడు:
పోటీలు ఆపాలన్న వాక్యం తీసేయండి రాళ్లగుట్ట గారూ. అది ఉంటే మా మామయ్య కూడా సంతకం పెట్టరు.