ఒకే ట్రైనింగ్, ఒకే తిండి... అక్కకీ తమ్ముడికీ రక్తపరీక్షల్లో ఇంత తేడా ఎందుకు?

నమస్కారమండీ. మా పాప (21), బాబు (19) ఇద్దరూ 5,000 మీటర్ల పరుగు ప్రాక్టీసు చేస్తారు. వారానికి ఆరు రోజులు, తెల్లవారుజామునే. మొన్న టెస్టులు చేయిస్తే బాబుకి హిమోగ్లోబిన్ 13.6, ఫెరిటిన్ (ఒంట్లో ఇనుము నిల్వల్ని చూపేది) 48 వచ్చాయి. పాపకి 11.7, 13. ఏడాది కిందట తనకి హిమోగ్లోబిన్ 12.6 ఉండేది.

కోచ్‌గారేమో "పరిగెత్తేవాళ్లకి ప్లాస్మా (రక్తంలోని ద్రవభాగం) పెరిగి రక్తం పల్చబడుతుంది, అందుకే తక్కువ కనిపిస్తుంది, టెన్షన్ వద్దు" అన్నారు. అది నిజమే, నేనూ చదివాను. కానీ పల్చబడటం ఒక్కటే అయితే ఫెరిటిన్ 15 కన్నా కిందికి ఎందుకు పోతుంది? అరికాళ్లు నేలకి కొట్టుకుని ఎర్రకణాలు చితకడం, చెమట ఇద్దరికీ ఉన్నవే. పాపకి నెలసరి అదనం. ఇనుము నిల్వలే అడుగంటాయని నా అనుమానం.

పరుగు అయ్యాక మూడు నుంచి ఆరు గంటల్లో హెప్సిడిన్ అనే హార్మోన్ పెరిగి, ఇనుము ఒంటికి సరిగా పట్టదట. డాక్టరు మాత్రలు రాస్తే ఏ వేళ వేసుకోవడం మంచిది? పరుగు కాగానే వేసుకున్నవాళ్లు ఉన్నారా? కాఫీ కూడా ఇనుముని ఒంటికి పట్టనివ్వదంటారు, కానీ పొద్దున కాఫీ మానమంటే మాత్రం ఇంట్లో యుద్ధమే!

ఇంకోటి. బాబు రిపోర్టులో క్రియాటిన్ కైనేజ్ (కండరాలు బాగా శ్రమపడితే రక్తంలో పెరిగే ఎంజైమ్) 900 అని ఎర్రగా వచ్చింది. ముందురోజే గట్టిగా పరిగెత్తాడు లెండి. మళ్లీ చేయించే ముందు ఎన్ని రోజులు విశ్రాంతి ఇవ్వాలి?

సోమవారం డాక్టరు దగ్గరికి వెళ్తున్నాం. హాప్టోగ్లోబిన్ (ఎర్రకణాలు చితుకుతున్నాయేమో తెలిపే పరీక్ష) కూడా అడగాలా? ఆడపిల్లలకి ట్రైనింగ్ ఇప్పించేవాళ్లు, ఈ దారిలో వెళ్లినవాళ్లు కాస్త చెప్పండి.