కిడ్నాప్ సినిమాలో కిడ్నాపర్ మొహం ముందే చూపించెయ్యాలా, ఆఖరి దాకా దాచాలా?

కోటిపల్లి కుర్రోడు:
నిన్న రాత్రి ఇంట్లో అందరం కూర్చుని ఓటీటీలో ఒక కిడ్నాప్ సినిమా పెట్టుకున్నామండి. పేరు చెప్పను, ఇంకా చూడనోళ్ళు తిడతారు. పాప మాయమైపోతుంది, పోలీసులొస్తారు, ఇంట్లో పనిమనిషి దగ్గర్నుంచి వాచ్‌మెన్ దాకా ఒక్కొక్కడి మొహం మీదకీ కెమెరా మెల్లగా వెళ్తా ఉంటుంది, వెనకాల డుంయ్ అని మ్యూజిక్కు. ఆఖరి పది నిమిషాల్లో తేలిందేంటంటే చేసింది ఫ్యామిలీ ఫ్రెండు. మా నాన్న అయితే సగం కూడా అవ్వకుండానే "ఈడేరా" అనేసి పడుకోడానికి వెళ్ళిపోయేరు. మా అమ్మ చిక్కుడుకాయలు ఈనెలు తీసుకుంటా "రెండ్రోజులైంది, ఆ పిల్ల అన్నం తిందో లేదో ఒక్కడూ అడగడేంట్రా" అంది. నాకు రాత్రంతా ఆ మాటే.

నేననేది ఏంటంటే, కిడ్నాపర్ ని దాస్తే పిల్లని కూడా దాచెయ్యాల్సొస్తుంది. పిల్ల కనపడకపోతే నాకు భయం దేని మీదండి? పజిల్ మీద ఆసక్తి ఉంటుందేమో, అది వేరు. రోజా చూడండి, ఎత్తుకెళ్ళిందెవరో, ఎందుకో, బదులుగా ఎవర్ని వదలమంటున్నారో అన్నీ తెలుసు మనకి, దాచిపెట్టిందేమీ లేదు, అయినా కదలనివ్వదు. కాబట్టి ముందే చూపించెయ్యాలని నా ఓటు. మీరేమంటారు?

భీమవరం ట్విస్టు:
అస్సలు ఒప్పుకోను బ్రో. మీ నాన్నగారు కనిపెట్టేసారంటే ఆ రైటర్ చేతకానితనం, దాచడం తప్పెలా అవుద్ది. క్షణం (2016) తీసుకో. పాప కనపడట్లేదని అమెరికా నుంచి హీరో వస్తే ఊళ్ళో అందరూ అసలు అలాంటి పాపే లేదంటారు. అక్కడ ముందే చూపించేస్తే ఇంకేం మిగిలింది, గంటలో ఇంటికి పంపించెయ్యొచ్చు జనాన్ని. థ్రిల్లర్ కి టిక్కెట్టు కొనేదే ఆఖర్లో దిమ్మ తిరగడానికి.

కోటిపల్లి కుర్రోడు:
అక్కడ కూడా దాచింది కిడ్నాపర్ మొహం కాదు కదా బ్రో, "పాప ఉందా లేదా" అనేది. అది ఇంకా పెద్ద ప్రశ్న, ఎవరు చేసారనే దానికన్నా. నువ్వు నా పక్షమే మాట్లాడుతున్నావు, నీకు తెలీట్లేదు.

భీమవరం ట్విస్టు:
ఆయ్, మొదలెట్టేసేవు నీ గోదారి ఎటకారం.

సినిమా పిచ్చి సూరి:
హిచ్‌కాక్ అని సస్పెన్స్ సినిమాల డైరెక్టరు, ఎప్పుడో చెప్పేసేడు గురూ. టేబుల్ కింద బాంబు ఉందని మనకి తెలిసి, కూర్చున్నోళ్ళకి తెలీకపోతే పదిహేను నిమిషాల సస్పెన్స్, తెలీకుండా పేలితే పదిహేను సెకన్ల షాకు. చర్చ క్లోజ్.

భీమవరం ట్విస్టు:
బాబూ, సినిమా గురించి ఏ చర్చ పెట్టినా ఆ బాంబు పట్టుకుని ఒకడు వస్తాడు. బాంబు కి అమ్మానాన్నా ఉండరు.

బూత్ బాబాయ్:
కుర్రాళ్ళూ, నేను ఇరవై రెండేళ్ళు ఆపరేటర్ గా చేసేను, పాలకొల్లు చుట్టుపక్కల మూడు హాళ్ళలో, మిషనులో వెలుగు కోసం కార్బన్ కడ్డీలు కాల్చే రోజుల నుంచీ. ఇప్పుడు హాలూ లేదు ఉద్యోగమూ లేదు, కల్యాణ మండపం అయిపోయింది అది. నాకు సినిమా కథల గురించి పెద్దగా తెలీదు గానీ జనం గురించి ఒక్క విషయం తెలుసు. బూత్ కిటికీలోంచి చూస్తే మొహాలు కనపడవు, తలకాయలు కనపడతాయి, ఇంకోటేంటంటే లైటు దారి కనపడుద్ది, అదే మిషను నుంచి తెర దాకా వెళ్ళే వెలుగు, అందులో పొగ. అప్పట్లో వద్దని బోర్డు పెట్టినా నేల క్లాసులో బీడీలు కాల్చేసేవారు, మానేజరు అరిచినా సరే. సినిమా బోరు కొడితే పొగ దట్టంగా లేచేది. పాటొస్తే ఇంకా ఎక్కువ. జనం నిజంగా లీనమైపోయినప్పుడు మాత్రం పొగ పల్చబడిపోయేది, ఎందుకంటే బీడీ చేతిలో ఉంటుంది, పీల్చడం మర్చిపోతాడు, ఆరిపోద్ది. నేను రీలు మార్చే టైముకి చూసుకునేవోణ్ణి, ఆహా ఈ సినిమా వంద రోజులు అని.

మరి ఎక్కడ పల్చబడేదంటే, ఫైటింగుల్లో కాదండీ. విలన్ ముసుగు తీసే సీన్లో కూడా కాదు, అక్కడ కేకలు ఈలలు, మళ్ళీ అగ్గిపుల్ల గీసేవారు. ఇందాక కుర్రోడు చెప్పిన రోజా మేం కూడా ఆడించేం, మొగుణ్ణి ఎత్తుకుపోయేక ఆ అమ్మాయి భాష రాని ఊళ్ళో మిలటరీ ఆఫీసరు వెనకాల పడి బతిమాలుతుంది చూడండి, అక్కడ. ఫోను మోగుతుందా లేదా అని ఇంట్లోవాళ్ళంతా ఫోను వైపు చూస్తా కూర్చునే సీన్లు ఏ సినిమాలో వచ్చినా, అక్కడ. సోడా కుర్రాడు కూడా ఆ టైములో లోపలికి వెళ్ళేవాడు కాదు, "బాబాయ్ ఇప్పుడెళ్తే తంతారు" అనేవాడు. కాబట్టి మొహం చూపించాలా వద్దా అనేది నాకు తెలీదు. ఎదురుచూపు చూపించాలి, అంతే.

కోటిపల్లి కుర్రోడు:
బాబాయ్ గారూ 🙏 ఈ పొగ సంగతి ఎవడూ రాయలేదు ఎక్కడా.

అంతర్వేది అక్క:
నేనెప్పుడూ ఇక్కడ రాయను, చదివి వెళ్ళిపోతాను. కానీ బాబాయ్ గారు ఎదురుచూపు అన్నారు కదా, అందుకు రాస్తున్నా. ఇది కిడ్నాప్ కాదు, ముందే చెప్తున్నా, మంచిగానే అయింది. మా బాబుకి నాలుగేళ్ళప్పుడు అంతర్వేది తీర్థంలో తప్పిపోయేడు, రథం రోజు, ఆ జనం సంగతి మీకు తెలుసు కదా. వాళ్ళ నాన్న బూర కొంటానికి చెయ్యి వదిలేరు, అంతే. మైకు దగ్గరికి పరిగెత్తేను. అక్కడ కూర్చున్నాయన కాయితం తీసుకుని "చొక్కా రంగేంటమ్మా" అన్నారు. నాకు గుర్తురాలేదు. పొద్దున్న నేనే స్నానం చేయించి, నేనే తొడిగి, బొత్తాలు పెట్టి, దిష్టి చుక్క పెట్టేను. రంగు రాలేదు నోటికి. పచ్చ అన్నాను, కాదు కాదు నీలం అన్నాను, ఆయన రాసి కొట్టేసి మళ్ళీ రాసేరు. ఆ కొట్టేసిన పచ్చ అక్షరాలు ఇప్పటికీ కళ్ళ ముందే ఉంటాయి. నలభై నిమిషాలకి దొరికేడు, చెరుకుగడలు అమ్మే ఆవిడ పక్కన కూర్చోబెట్టుకుని ముక్కలు కొట్టి పెడతా ఉంది. వేసుకుంది ఎర్ర చొక్కా.

సినిమాల్లో తల్లి గుండెలు బాదుకుని ఏడుస్తుంది, కళ్ళు తిరిగి పడిపోతుంది. నాకు ఆ నలభై నిమిషాలూ కన్నీళ్ళే రాలేదు. దొరికేక వాణ్ణి ఒక్కటి పీకేను, అప్పుడొచ్చేయి. పోలీసు "ఆఖరి సారి ఏ బట్టల్లో చూసారు" అని అడగ్గానే టకటకా చెప్పేసే తల్లిని తెర మీద చూస్తే నాకు ఇంక ఆ సినిమా నమ్మబుద్ధి కాదు. దర్శకులు మొహం దాస్తారో చూపిస్తారో వాళ్ళిష్టం.

భీమవరం ట్విస్టు:
అక్కా, దీనికి నేనేం రాయగలను. దండం.

రామచంద్రపురం ప్లీడర్:
ఆ చెరుకుగడల ఆవిడ దగ్గర ఒక పాయింటుంది. మా వృత్తిలో 364ఎ అని ఉండేది ఐపీసీలో, అదే పాత శిక్షా చట్టంలో, డబ్బు కోసం కిడ్నాప్, 1993లో చేర్చారు, ఉరి గానీ యావజ్జీవం గానీ. ఇప్పుడు దాని బదులొచ్చిన బీఎన్‌ఎస్‌లో 140(2). సినిమా రైటర్లంతా ఎత్తుకెళ్ళాడు, డబ్బడిగాడు, ఇంకేముంది ఉరే అనుకుంటారు. 2021లో సుప్రీంకోర్టు ముందుకి తెలంగాణ కేసొకటి వచ్చింది, ఆటో డ్రైవరు స్కూలు పిల్లాణ్ణి తీసుకెళ్ళి తండ్రిని రెండు లక్షలు అడిగాడు. కోర్టు ఏమందంటే డబ్బడగడం ఒక్కటీ చాలదు, చంపుతాననో హాని చేస్తాననో బెదిరించినట్టో, ఆ భయం పుట్టేలా నడుచుకున్నట్టో, నిజంగానే హాని చేసినట్టో కూడా రుజువవ్వాలి అని. పిల్లాడే సాక్ష్యంలో నన్ను బాగానే చూసుకున్నాడు అన్నాడు. 364ఎ కింద వేసిన శిక్ష కొట్టేసి మామూలు కిడ్నాప్ కింద ఏడేళ్ళు వేసారు.

ఇంటి దగ్గర తల్లిదండ్రులు బతికున్నాడా లేడా అని చస్తున్నారు, అక్కడ వాడేమో పిల్లాణ్ణి బాగా చూసుకుంటున్నాడు. ఈ రెండూ పక్కపక్కన చూపించే సినిమాకి ట్విస్టు అవసరమే లేదు. పైగా ఆ తండ్రి దృష్టిలో వాడు ఎప్పటికీ రాక్షసుడే, కోర్టు ఏమన్నా సరే. కోటిపల్లి బాబు వాళ్ళమ్మగారు అడిగిన అన్నం ప్రశ్న చట్టంలో కూడా ఉందన్నమాట!

భీమవరం ట్విస్టు:
ప్లీడర్ గారూ, ఇది చూపిస్తే జనం కిడ్నాపర్ మీద జాలి పడరా? మనీ (1993) లో చూసేం కదా, ఎత్తుకెళ్ళినోళ్ళే పాపం అనిపిస్తుంది, ఎందుకంటే డబ్బులివ్వాల్సిన మొగుడికి పెళ్ళాం తిరిగి రావడమే ఇష్టం లేదు. అది కామెడీ కాబట్టి చెల్లింది. థ్రిల్లర్ లో జాలేస్తే భయం పోద్ది.

లెక్కల మాస్టారు (రిటైర్డ్):
పోదు నాయనా. కురొసావా తీసిన హై అండ్ లో (1963) అని జపాన్ సినిమా ఉంది, ఓపిక చేసుకుని చూడు. చెప్పుల కంపెనీలో పెద్దాయన, ఉన్నదంతా తాకట్టు పెట్టి కంపెనీ షేర్లు కొనబోతుంటాడు. అతని కొడుకనుకుని డ్రైవరు కొడుకుని ఎత్తుకుపోతారు పొరపాటున. తప్పు తెలిసినా కిడ్నాపరు తగ్గడు, నువ్వే కట్టు అంటాడు. కడితే ఇతను వీధిన పడతాడు, కట్టకపోతే డ్రైవరు ఎదురుగా నిలబడి ఉన్నాడు, తల దించుకుని. దాదాపు గంటసేపు ఒక్క హాల్లోనే నడుస్తుంది కథ. ఇక్కడ మీరంతా మర్చిపోయిన విషయం ఒకటి: పిల్లాడు సినిమా సగంలోనే దొరికేస్తాడు. కిడ్నాపరు మొహం కూడా అప్పుడే మనకి చూపించేస్తారు. ఇంకా గంటకు పైగా ఉంది సినిమా, అయినా పట్టు సడలదు.

ఎందుకంటే కొలతలు పక్కాగా ఉంటాయి. డబ్బు సంచీ మందం ఏడు సెంటీమీటర్లు దాటకూడదంటాడు కిడ్నాపరు. ఎందుకో అప్పుడు అర్థం కాదు. రైలెక్కాక తెలుస్తుంది, బాత్‌రూమ్ కిటికీ అంతకన్నా తెరుచుకోదు, అందులోంచి పడెయ్యాలి. రైలు ఆగదు, పోలీసులు దిగలేరు. నేను నలభై ఏళ్ళు లెక్కలు చెప్పాను, ఒక కొలత వల్ల ఇంత ఒళ్ళు జలదరించడం నాకు అదే మొదలు.

కోటిపల్లి కుర్రోడు:
మాస్టారూ, మనకి రైలు లేదు గానీ పంటు ఉంది కదండి, అదే జనాన్ని ఏరు దాటించే పెద్ద పడవ! కోటిపల్లి నుంచి ముక్తేశ్వరం రేవు. పంటు కదిలిందంటే అవతల ఒడ్డు చేరేదాకా ఎవడూ దిగలేడు, పోలీసైనా దొంగైనా. మధ్యలో గౌతమి, గోదారి పాయ. డబ్బు సంచీ పంటు మీద పెట్టమంటాడు కిడ్నాపరు, పిల్ల అవతలి రేవులో ఉంటుందంటాడు. తండ్రికి ఒడ్డు మీద ఎర్ర చొక్కా చుక్కలాగా కనపడతా ఉంటుంది, తన పిల్లో కాదో తెలీదు. (అక్కా, మీ చొక్కా తీసుకుంటున్నా, క్షమించండి.)

సెల్ పాయింట్ శీను:
ఈ సీన్లో దయచేసి "ఒక్క నిమిషం మాట్లాడించు, కాల్ ట్రేస్ చేస్తాం" అని మాత్రం పెట్టకండి. ఏ నంబరు నుంచి చేసారో ఆ క్షణానే తెలిసిపోద్ది, నిమిషం గోల పాత ఎక్స్ఛేంజీలది. ఇప్పుడు తేలాల్సింది మనిషి ఎక్కడున్నాడనేది. మా లంకలో, అంటే గోదారి మధ్య దిబ్బ మీద, ఫోన్ తీస్తే చాలాసార్లు అవతలి ఒడ్డు టవరే పట్టుకుంటుంది, మధ్యలో నీళ్ళే కదా అడ్డేముంది. రికార్డులో నేను ఏటి అవతల ఉన్నట్టు. పోలీసులు ఆ ఒడ్డున వెతుకుతా ఉంటారు, కిడ్నాపరు ఈ లంకలో కొబ్బరితోటలో కూర్చుని ఉంటాడు. ఇది వాడుకోండి.

భీమవరం ట్విస్టు:
ఆగండాగండి. అంటే టవర్ తప్పు చూపిస్తోందని మనకి చెప్పరు, చివర్లో తెలుస్తుంది. అది దాచడమే కదా! నేనే గెలిచేను.

కోటిపల్లి కుర్రోడు:
కాదు, మనకి ముందే చెప్పెయ్యాలి. పోలీసులు అవతలి ఒడ్డున టార్చిలైట్లు వేసుకుని వెతుకుతుంటే ఈ ఒడ్డు నుంచి పిల్ల ఆ వెలుగులు చూస్తా ఉండాలి, చేతిలో అన్నం ముద్ద పట్టుకుని.

భీమవరం ట్విస్టు:
...సరే ఇది బాగుంది. కానీ మొహం మాత్రం చూపించకు, చెయ్యి చూపించు చాలు, ముద్ద కలిపే చెయ్యి.

బూత్ బాబాయ్:
బీడీ ఆరిపోయింది.

అంతర్వేది అక్క:
అన్నీ బాగానే ఉన్నాయి గానీ ఆ పంటు మీద డబ్బు సంచీ సంగతే నాకు నచ్చలేదు బాబూ. మనూళ్ళ పంటు మీద ఎవరూ లేని సంచీ ఒకటి కనపడితే నది మధ్యకి వెళ్ళేలోపు పదిమంది దాని చుట్టూ చేరి "ఏవండీ ఇదెవరిదండీ, మీదేనాండీ" అని అడగరా. ఒకావిడ అయితే తడిసిపోద్దని ఒళ్ళో పెట్టుకుంటుంది.

కోటిపల్లి కుర్రోడు:
అక్కా, ఇప్పుడు నాకు భయమేస్తుంది నిజంగా. ఆవిడ ఆ సంచీతోనే అవతలి రేవులో దిగిపోతే?