యాప్‌లు చకచకా తెరవడానికి ఫ్రీ లాంచర్ ఏది బాగుంటుంది?

పాత_ల్యాప్‌టాప్:
డెస్క్‌టాప్ మీద ఐకాన్లు పెరిగిపోయి వాల్‌పేపర్ కూడా కనపడట్లేదు, ఏది తెరవాలన్నా మౌస్ పట్టుకుని వెతుక్కోవడమే. రెండు మూడు అక్షరాలు కొట్టి ఎంటర్ నొక్కితే యాప్ తెరుచుకునే టూల్ ఏదైనా చెప్పండి. విండోస్ 10, ర్యామ్ 4 జీబీ, కాబట్టి బరువైనది వద్దు. ఫ్రీ అంటే పూర్తిగా ఫ్రీ, ట్రయల్ అయిపోయాక డబ్బులు అడిగేది కాదు. ఇంకో కోరిక కూడా ఉంది, పని మొదలుపెట్టేటప్పుడు బ్రౌజర్, మెయిల్, ఒక ఎక్సెల్ ఫైలు మూడూ ఒక్క దెబ్బకు తెరుచుకోవాలి. నెట్‌లో వెతికితే పెద్ద పెద్ద లిస్టులు వస్తున్నాయి, అందులో ఏవి ఇంకా బతికున్నాయో తెలియట్లేదు.

మౌస్_వద్దు:
ఏదీ ఇన్‌స్టాల్ చేయకముందే ఒకటి ప్రయత్నించండి. రోజూ వాడే యాప్‌లను టాస్క్‌బార్‌కి పిన్ చేసి విండోస్ కీతో పాటు 1, 2, 3 అంకెలు నొక్కండి, ఎడమ నుంచి ఆ వరుసలో ఉన్న యాప్ తెరుచుకుంటుంది, ముందే తెరిచి ఉంటే దాని దగ్గరికే వెళ్తుంది. షిఫ్ట్ కూడా కలిపి నొక్కితే అదే యాప్ ఇంకో విండోలో వస్తుంది. ఐదారు యాప్‌లే వాడేవాళ్లకు నన్నడిగితే ఇంతకు మించి అక్కర్లేదు. స్టార్ట్ మెనూలో టైప్ చేసినా యాప్‌లు దొరుకుతాయి గానీ, మధ్యలో వెబ్ రిజల్ట్స్ దూరి విసిగిస్తాయి, అసలు జనం లాంచర్ల వైపు చూసేదే అందుకు.

కోడ్_కాఫీ:
పైన చెప్పింది కరెక్టే, కానీ ఆయన అడిగింది టైప్ చేసి తెరిచేది కదా. విండోస్‌లో ఇప్పుడు ధైర్యంగా చెప్పగలిగినవి రెండు. ఒకటి ఫ్లో లాంచర్, ఓపెన్ సోర్స్ (అంటే కోడ్ ఎవరైనా చూడొచ్చు), ఆల్ట్ + స్పేస్ నొక్కితే స్క్రీన్ మధ్యలో చిన్న పెట్టె వస్తుంది, అందులో పేరు మొదలుపెట్టడమే. ప్లగిన్లు, అంటే అదనపు పనులు జోడించే చిన్న భాగాలు, బోలెడు. ఎవ్రీథింగ్ అనే ఫైల్ సెర్చ్ టూల్ ఉంది కదా, దాన్ని కూడా దీనికి జోడించుకోవచ్చు, అప్పుడు ఫైళ్లు కూడా టైప్ చేస్తుండగానే కనపడతాయి. రెండోది మైక్రోసాఫ్ట్ వాళ్ల పవర్‌టాయ్స్‌లో ఉండే రన్, ఇదీ ఫ్రీయే, ఓపెన్ సోర్సే. పెట్టెలో ముందు = గుర్తు పెట్టి లెక్క రాస్తే జవాబు అక్కడే వస్తుంది, < గుర్తు పెడితే ఇప్పటికే తెరిచి ఉన్న విండోల్లో వెతుకుతుంది. ఈ రెండో గుర్తుకి అలవాటు పడితే ఆల్ట్ + ట్యాబ్ మర్చిపోతారు. కాకపోతే పవర్‌టాయ్స్ అంటే చాలా టూల్స్ ఉన్న మూట, 4 జీబీ మీద పెట్టేటప్పుడు సెట్టింగ్స్‌లోకి వెళ్లి మీకు పనికిరానివన్నీ ఆపేయండి.

రెండూ ఒకేసారి వేస్తే ఆల్ట్ + స్పేస్ కోసం కొట్టుకుంటాయి, ఒకదానికి వేరే కీ ఇవ్వాలి. విండో మూలన వచ్చే రిస్టోర్, మూవ్, మినిమైజ్ మెనూకి కూడా అసలు షార్ట్‌కట్ అదే, దాన్ని వాడే అలవాటుంటే ముందే మార్చేసుకోండి.

పాత_ల్యాప్‌టాప్:
థాంక్స్ అండి. లిస్టుల్లో లాంచీ, కీపిరిన్హా అని కనపడ్డాయి, చాలా తేలిక అంటున్నారు, అవి వాడొచ్చా?

కోడ్_కాఫీ:
లాంచీ ఆఖరి వెర్షన్ 2010 నాటిది, వదిలేయండి. కీపిరిన్హా నిజంగా తేలికే, ఇన్‌స్టాల్ కూడా అక్కర్లేదు, అయితే సెట్టింగ్స్ అన్నీ టెక్స్ట్ ఫైల్‌లో చేత్తో రాయాలి, పైగా కొన్నేళ్లుగా కొత్త వెర్షన్ లేదు. అది తెలిసి వాడేట్టయితే మీ మెషీన్‌కి బాగానే సరిపోతుంది. ఏదైనా సరే దాని సొంత సైట్ నుంచో గిట్‌హబ్ నుంచో దించుకోండి, డౌన్‌లోడ్ సైట్ల నుంచి తీసుకుంటే వేరే చెత్త కూడా వెంట వచ్చే టెన్షన్ ఉంటుంది.

బ్యాచ్_ఫైల్_భక్తుడు:
మూడూ ఒకేసారి తెరవడానికి ఏ టూలూ అక్కర్లేదు. నోట్‌ప్యాడ్‌లో ఒక్కో లైన్‌కి స్టార్ట్ కమాండ్ రాసి, దాని పక్కన ఒక ఖాళీ కొటేషన్ జత, ఆ తర్వాత ఫైల్ పాత్ (ఫైలు ఏ ఫోల్డర్‌లో ఉందో చెప్పే అడ్రస్) ఇంకో కొటేషన్లలో పెట్టండి. ఆ ఖాళీ జత ఎందుకంటే, కొటేషన్లలో కనపడిన మొదటి దాన్ని స్టార్ట్ కమాండ్ విండో టైటిల్ అనుకుంటుంది, అది లేకపోతే మీ ఎక్సెల్ పాత్‌నే టైటిల్‌గా పెట్టుకుని ఒక నల్ల విండో తెరిచి ఊరుకుంటుంది, ఎక్సెల్ మాత్రం రాదు. ర్యామ్ తక్కువ కాబట్టి లైన్ల మధ్య టైమవుట్ కమాండ్‌తో ఐదేసి సెకన్లు గ్యాప్ ఇవ్వండి, లేకపోతే మూడూ ఒకేసారి లోడ్ అవ్వబోయి అన్నీ నత్తనడక నడుస్తాయి. ఫైల్‌ని బ్యాట్ (.bat) ఎక్స్‌టెన్షన్‌తో సేవ్ చేసి (దీన్నే బ్యాచ్ ఫైల్ అంటారు), దాని షార్ట్‌కట్‌ని స్టార్ట్ మెనూలోని ప్రోగ్రామ్స్ ఫోల్డర్‌లో 'పని' అనో ఇంకేదో పేరుతో పడేస్తే ఫ్లో లాంచర్‌లో కూడా ఆ పేరుతో దొరుకుతుంది.

పెంగ్విన్_పక్షం:
ఎవరైనా లైనక్స్ వాళ్లు ఇది చదువుతుంటే, కేడీఈ అనే డెస్క్‌టాప్‌లో కేరన్నర్ అనే లాంచర్ ముందే ఉంటుంది, మిగతా వాటిలో యూలాంచర్ గానీ రోఫీ గానీ చూడండి. మ్యాక్‌లో స్పాట్‌లైట్ ఎటూ ఉంది, చాలకపోతే ఆల్‌ఫ్రెడ్, అందులో పవర్‌ప్యాక్ అనే అదనపు ఫీచర్లకి మాత్రమే డబ్బులు, యాప్‌లు తెరవడం వరకూ ఫ్రీయే.

పాత_ల్యాప్‌టాప్:
ఫ్లో లాంచర్ వేశా, కీ కంట్రోల్ + స్పేస్‌కి మార్చా. బ్యాచ్ ఫైల్ కూడా పనిచేస్తోంది, కాకపోతే చివర్లో నల్ల విండో ఒకటి కాసేపు ఉండి పోతోంది, అది కనపడకుండా చేయొచ్చా?

బ్యాచ్_ఫైల్_భక్తుడు:
టైమవుట్ నడిచినంతసేపూ అది ఉంటుంది. షార్ట్‌కట్ ప్రాపర్టీస్‌లో రన్ దగ్గర మినిమైజ్డ్ అని పెట్టండి, కింద టాస్క్‌బార్‌లోనే ఉండి పని కాగానే పోతుంది.